నాయన మెదడు దానం చేస్తున్నాం. ఆస్పత్రి రికార్డులు ఇప్పుడే అడగాలా, తర్వాతా? తెలిసినవాళ్లు చెప్పండి

కావలి అమ్మాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా నాయనకు 75 ఏళ్లు. నెల్లూరు జిల్లా కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్పి 2008లో రిటైరయ్యారు. అమ్మ పోయాక 2021లో ఇక్కడికి, మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆయనది పార్కిన్సన్స్‌లా కనిపించే ఒక మెదడు జబ్బు. పేరు ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ. పొట్టిగా పీఎస్‌పీ అంటారు. 2018లో ఊరికే వెనక్కి పడిపోవడంతో మొదలైంది. ఊళ్లో అందరూ బీపీ అన్నారు. చెన్నైలో చూపిస్తే పార్కిన్సన్స్ అని, దానికిచ్చే సిండోపా మాత్రలు రాశారు. డోసు ఎంత పెంచినా తేడా లేదు. 2022లో ఇక్కడి న్యూరాలజిస్టు నాయన ముఖం ముందు వేలు పైకీ కిందికీ కదిపి చూసి, ఎమ్మారై చూసి, ఇది పీఎస్‌పీ అన్నారు. నాయన చూపు కిందికి దిగదు. కంచంలో అన్నం ఎక్కడుందో ఆయనకు కనపడదు. కంచాన్ని ఆయన కళ్ల ఎత్తుకు పట్టుకుని నేనే తినిపిస్తాను.

ఇప్పుడు ఇంట్లోనే హాస్పిస్, అంటే చివరి దశలో బాధ తగ్గించే సేవ, నడుస్తోంది. మింగడం కష్టమైపోయింది. పొట్టకు ట్యూబు వద్దని మాట ఉన్నప్పుడే ఆయన చెప్పేశారు. ఇప్పుడు మాట దాదాపు లేదు. కానీ మనం చెప్పేది అర్థమవుతుంది, జవాబు చెప్తారు. బొటనవేలు ఎత్తితే అవును, పిడికిలి మూస్తే కాదు.

మెదడు దానం ఆయన నిర్ణయమే. ఈ జబ్బును బతికి ఉండగా నూటికి నూరు శాతం తేల్చలేమని, చివరికి మెదడు కణాలను మైక్రోస్కోపులో చూస్తేనే ఖాయమని డాక్టరు ఒకసారి చెప్పారు. నాయన అక్కడే, ఆ ముద్ద మాటతోనే, "నాది చూడండి" అన్నారు. కారులో ఇంటికొచ్చేటప్పుడు నేను ఏడుస్తున్నాను, ఆయన మాత్రం నెమ్మదిగా ఉన్నారు.

పరిశోధన కోసం మెదళ్లు భద్రపరిచే ఒక యూనివర్సిటీ బ్రెయిన్ బ్యాంకులో పేరు రాయించాం. వాళ్లు ఫారాలతో పాటు మెడికల్ రికార్డులు అడిగారు. న్యూరాలజీ నోట్సు, స్కాన్లు, మందుల చరిత్ర, మొదటి లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో చూపించే కాగితాలు. ఆ ఉత్తరం నాయనకు చదివి వినిపిస్తే వెంటనే బొటనవేలు ఎత్తారు. ఎందుకో నాకు తెలుసు. ఆయన స్కూలు ల్యాబులో ఒక రూలు ఉండేది. పేరు రాయని సీసా బీరువాలో ఉండకూడదు. లోపల ఎంత మంచి ద్రావణం ఉన్నా సరే, చీటీ లేకపోతే పారబోయించేవారు. ఆయన మెదడు చీటీ లేని సీసాలా వాళ్ల ఫ్రీజర్లో ఉండిపోకూడదు. నా ఆరాటమంతా అదే.

సమస్యలు ఇవి. ఇక్కడ నాయనను మూడు చోట్ల చూపించాం. మొదటి న్యూరాలజిస్టు రిటైరయ్యారు, క్లినిక్ మూసేశారు. ఇంకోచోట కౌంటరులో అమ్మాయి ఫారం చూసి, "బ్రెయిన్ డొనేషన్ కదా, అది చనిపోయాక కదా, అప్పుడు డెత్ సర్టిఫికెట్ తీసుకుని రండి" అంది. వీల్‌చెయిర్లో నాయన నా పక్కనే ఉన్నారు. అంతా విన్నారు. ఆ రోజు ఇంక ఏమీ మాట్లాడలేక వచ్చేశాను.

సంతకం ఇంకో సమస్య. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు నాయన రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని పెద్దవాళ్లకు చదువు చెప్పారు. "నిశానీ వెయ్యొద్దు, మీ పేరు మీరు రాయండి" అని వాళ్ల చేతులు పట్టుకుని దిద్దించారు. ఇప్పుడు ఆయన పెన్ను పట్టుకుంటే కాగితం మీద ఒక గీత కూడా సరిగ్గా పడటం లేదు. ఆయన చేత వేలిముద్ర వేయించడానికి నాకు మనసు రావడం లేదు. నేను ఆయన హెల్త్ కేర్ ప్రాక్సీని, అంటే ఆయన చెప్పలేనప్పుడు వైద్యం విషయాల్లో ఆయన తరఫున నిర్ణయించేదాన్ని. నా సంతకం సరిపోతుందా?

చెన్నై రికార్డులు ఇంకా పెద్ద సమస్య. 2018లో నాలుగు రోజులు అడ్మిట్ చేశారు, ఎమ్మారై తీశారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే అన్నేళ్ల కిందటివి ఉండవన్నారు. కావలి ఇల్లు తాళం వేసి ఉంది. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు.

ఇంకో మాట కూడా ఉంది. మా బాబాయి రోజూ ఫోన్ చేసి, తల తెరిస్తే కపాలమోక్షం ఎట్లా అవుతుందమ్మా అంటున్నారు. ఆయన కోపంగా అనడం లేదు, బాధగా అంటున్నారు. అందుకే నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి.

కొలంబస్ అక్క

అమ్మా, నేను ఒహాయోలో ఒక ఆస్పత్రి రికార్డుల విభాగంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. రోజూ ఇవే ఫారాలు చూస్తాను. ముందు ఒక్కటి గట్టిగా చెప్తాను. ఇప్పుడే అడగండి. ఆ కౌంటరు అమ్మాయి చెప్పింది తప్పు. నాన్నగారు బతికి ఉన్నారు, రికార్డులు ఆయనవి, అడిగే హక్కు ఆయనది. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

ఆయన పోయాక అదే పని ఎంత కష్టమో చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీ హెల్త్ కేర్ ప్రాక్సీ ఆయన ప్రాణంతో పాటే ముగిసిపోతుంది. ఆ తర్వాత అమెరికా వైద్య సమాచార గోప్యత చట్టం హిపా ప్రకారం రికార్డులు అడిగే హక్కు ఆయన ఎస్టేటు తరఫున కోర్టు గుర్తించిన మనిషిది. న్యూజెర్సీలో అయితే ఆ కాగితం విల్లులు, వారసత్వాలు చూసే కౌంటీ సరోగేట్ కోర్టులో తెచ్చుకోవాలి. మనిషి పోయిన 10 రోజులు దాటితే గానీ విల్లుకు ప్రోబేట్, అంటే కోర్టు ఆమోదం, కూడా ఇవ్వరు. దగ్గరుండి చూసుకున్న కుటుంబసభ్యులకు ఆస్పత్రి తనంతట తాను కొంత సమాచారం ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం లేదు. కన్నకూతుళ్లు డెత్ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడితే, వాళ్లను వెనక్కి పంపాల్సి వచ్చిన రోజులు నాకున్నాయి. అవి గుర్తుంటాయి.

ఫారం విషయానికొస్తే రెండు రకాలు ఉంటాయి. ఒకటి రోగి తన రికార్డు తనకు ఇమ్మని అడిగేది. రెండోది ఫలానా వాళ్లకు పంపండి అని అనుమతి ఇచ్చే ఆథరైజేషన్. చాలామంది బ్యాంకుకే నేరుగా పంపమని రెండోది నింపుతారు. అందులో చిక్కు ఏమిటంటే, అనుమతి ఉంటే ఆస్పత్రి పంపవచ్చు, కానీ పంపి తీరాలన్న గడువు ఆ చట్టంలో లేదు. మొదటి రకానికైతే 30 రోజుల గడువు ఉంది. రాతపూర్వకంగా కారణం చెప్పి ఇంకో 30 రోజులు ఒక్కసారి మాత్రమే పొడిగించుకోగలరు. ఫీజు కూడా కాపీ తీసినందుకు, పోస్టుకు అయిన ఖర్చు మేరకే ఉండాలి. వెతికినందుకు డబ్బు తీసుకోకూడదు. అందుకని మీరు మొదటి రకమే నింపండి, ఎలక్ట్రానిక్ కాపీ కావాలని రాయండి, మీ చేతికి వచ్చాక మీరే బ్యాంకుకు పంపండి. అసలు కాపీ మీ దగ్గర ఉంటుంది. హాస్పిస్‌లో ఉన్నారని, త్వరగా కావాలని ఫారం పైనే రాయండి. మా దగ్గర అలాంటి ఫారం వస్తే కట్టలో అడుగున పెట్టం.

"మొత్తం రికార్డు" అని రాయకండి. నర్సులు గంట గంటకూ రాసిన బీపీలు, టెంపరేచర్లతో వేల పేజీలు వస్తాయి. ఇలా రాయండి: 2021 నుంచి ఇవాళ్టి వరకు న్యూరాలజీ ఆఫీసు నోట్సు, ప్రతి అడ్మిషన్‌కూ హిస్టరీ అండ్ ఫిజికల్ (చేరేటప్పటి పరీక్ష నోట్సు), డిశ్చార్జి సమ్మరీ, ఎమ్మారై రిపోర్టులు, మెమరీ పరీక్షలు, ఫిజికల్ థెరపీ, స్పీచ్ థెరపీ మొదటి అంచనాలు, మందుల జాబితా, హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలు ఎప్పుడైనా చేసి ఉంటే వాటి ఫలితాలు. ఆ చివరిది అడగడానికి సిగ్గుపడకండి. మెదడు తీసే మనిషి భద్రత కోసం బ్యాంకులు ఇన్‌ఫెక్షన్ల గురించి తప్పకుండా చూస్తాయి. స్కాన్ బొమ్మలు రికార్డుల విభాగంలో దొరకవు. రేడియాలజీ ఫైల్ రూములో విడిగా సీడీ అడగాలి. ఇది తెలియక రెండు వారాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నోట్సులో సగం ఆన్‌లైన్ పోర్టల్‌లోనే ఉంటాయి, ఈ రాత్రికే డౌన్‌లోడ్ చేయండి.

మూసేసిన క్లినిక్ రికార్డులు ఎక్కడో ఒకచోట ఉంటాయి, కస్టోడియన్ అని ఒకరికి అప్పజెప్తారు. పాత నంబరుకు ఫోన్ చేస్తే రికార్డెడ్ మెసేజీలో చెప్పే అవకాశం ఉంది. దాని కోసం ఆగకుండా మీ ఫ్యామిలీ డాక్టరును అడగండి. న్యూరాలజిస్టు ప్రతి విజిట్ తర్వాత ఆయనకు ఉత్తరం పంపి ఉంటారు.

సంతకం గురించి. చాలా ప్రాక్సీలు రోగి సొంతంగా నిర్ణయం తీసుకోలేడని డాక్టరు రాసిచ్చాకే అమల్లోకి వస్తాయి. మీరు చెప్పినదాన్ని బట్టి నాన్నగారు నిర్ణయం తీసుకోగలరు. కాబట్టి ఆయనదే తీసుకోండి. గీత అయినా, వేలిముద్ర అయినా మేం తీసుకుంటాం. పక్కన ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే మంచిది. హాస్పిస్ సోషల్ వర్కర్‌ను ఒక సాక్షిగా పిలవండి. మీ మనసుకు కష్టమని తెలుసు తల్లీ. కానీ ఆ కాగితం మీద ఉండాల్సింది ఆయన గుర్తే.

డాలస్ నుంచి

మా అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. అమ్మ మెదడు ఇచ్చాం. కొలంబస్ అక్క చెప్పినవన్నీ అప్పుడు నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది. నేను మొత్తం రికార్డు అడిగాను. 2,300 పేజీలు వచ్చాయి. బ్యాంకు కోఆర్డినేటరు మర్యాదగా, మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది, అది ఏమిటి అని అడిగింది. ఆ 2,300 పేజీల్లో దానికి జవాబు లేదు. ఎందుకంటే మొదటి లక్షణం డాక్టరు దగ్గర కనపడలేదు, మా వంటింట్లో కనపడింది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేది. అదీ జరిగింది 2014 సంక్రాంతికి. చెల్లెలు, నేను కూర్చుని రెండు పేజీల కాలపట్టిక రాశాం. ఏ ఏడాది, ఏ పండగ, ఎవరి పెళ్లి, అప్పుడు అమ్మ ఎలా ఉంది, అని. కోఆర్డినేటరు అన్నింటికన్నా దాన్నే ఎక్కువ మెచ్చుకుంది. మీరు కూడా రాయండి. మొదటిసారి పడింది ఎప్పుడు, ఏడాదిలో ఎన్నిసార్లు, చూపు ఎప్పుడు తేడా వచ్చింది, సిండోపా ఎంత డోసు దాకా వెళ్లింది, పనిచేసిందా లేదా. పీఎస్‌పీని పార్కిన్సన్స్ నుంచి విడదీసేవి అవేనట కదా.

ఈ జబ్బు గురించి మీ పోస్టు చూశాక చదివాను. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ అని టొరంటోలో పనిచేసిన ముగ్గురు దీన్ని విడి జబ్బుగా వివరించారు. మంచం పక్కన రాసుకున్న లక్షణాలను, పోస్ట్‌మార్టమ్‌లో మెదడులో చూసినదాన్ని పక్కపక్కన పెట్టారు. మీ నాయనగారి సీసా, చీటీ మాట చదివి నాకు అదే గుర్తొచ్చింది.

బాబాయిగారి గురించి. మా మేనమామ కూడా అదే మాట అన్నారు. నేను వాదించలేదు. ఏం చేస్తారో ఫ్యునెరల్ హోమ్ వాళ్లను అడిగి తెలుసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తల వెనకవైపు, చెవి నుంచి చెవికి కోత. ఎముక మళ్లీ యథాస్థానంలో పెట్టి కుట్టేస్తారు. ముఖం తాకరు. కపాలం ఉంటుంది మామయ్యా, లోపలి మెదడు ఒక్కటే ఉండదు అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా పురోహితుడిని ఆయనే అడిగారు. పురోహితుడు, క్రతువు క్రమం ఏమీ మారదు, చివర్లో చేయాల్సింది చేద్దాం అన్నారు. స్నానం చేయించేటప్పుడు కుట్లు కనపడతాయి. ఆడవాళ్లకు ముందే చెప్పాం. అమ్మ జుట్టు కప్పేసింది. నాయనగారికి ఆయన కండువా ఒకటి తలకు చుట్టడానికి తీసి ఉంచండి.

ఆ రాత్రి కోసం ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించుకోండి. మా అమ్మ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు పోయింది. ఎవరికి ముందు ఫోన్ చేయాలో నా బుర్ర పనిచేయలేదు. హాస్పిస్ నర్సు, తర్వాత బ్యాంకు 24 గంటల నంబరు, తర్వాత ఫ్యునెరల్ హోమ్, ఈ వరసలో నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. సాధారణంగా 24 గంటల లోపు మెదడు తీయాలంటారు, ఎంత తొందరైతే అంత మంచిది. హాస్పిస్ ఫైలు మొదటి పేజీలో కూడా బ్రెయిన్ డోనర్ అని రాయించండి. రాత్రి వచ్చే నర్సు వేరే ఆమె అయితే ఆమెకు తెలియాలి కదా.

బ్యాంకు రిపోర్టు 8 నెలలకు వచ్చింది. బతికి ఉన్నప్పుడు డాక్టర్లు అమ్మకు అల్జీమర్స్ అన్నారు. అదీ ఉంది, దాంతో పాటు లూయీ బాడీలు కూడా ఉన్నాయి, అంటే లేనివి కనపడేలా చేసే ప్రోటీన్ ముద్దలు. గోడ మీద పిల్లలు కనపడుతున్నారని అమ్మ అంటే మేం కసిరేవాళ్లం. ఆ రిపోర్టు చదివి నేనూ చెల్లెలూ ఫోన్లో చాలాసేపు ఏడ్చాం.

సికింద్రాబాద్ కోడలు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అత్తగారికీ ఇలాంటి జబ్బే. ఇండియాలో ఈ అవకాశం ఉందా? ఇంకో సందేహం, లైసెన్స్ మీద ఆర్గాన్ డోనర్ అని ఉంటే సరిపోదా?

కొలంబస్ అక్క

అమ్మా, బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి బ్రెయిన్ బ్యాంకు ఉంది. హైదరాబాదు నుంచి అంటే దూరం, సమయం ముఖ్యం. కాబట్టి ముందే వాళ్లతో మాట్లాడి ఏది సాధ్యమో తెలుసుకోండి. లైసెన్స్ మీది గుర్తు ఇంకొకరికి అవయవం అమర్చడానికి. పరిశోధనకు మెదడు ఇవ్వడం దానిలోకి రాదు, అమెరికాలో కూడా విడిగా రిజిస్టరు చేసుకోవాల్సిందే. ఇక్కడ ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) న్యూరోబయోబ్యాంక్ అని దేశవ్యాప్త ఏర్పాటు ఉంది. పీఎస్‌పీ మెదళ్లు చాలా ఏళ్లుగా ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ మేయో క్లినిక్ బ్యాంకుకు కూడా వెళ్తున్నాయి.

నెల్లూరు నర్సు

అక్కా, మాదీ కావలి పక్కనే, అల్లూరు. చెన్నైలో ఒక ఆస్పత్రి ఎమ్మార్డీలో, అంటే రికార్డుల విభాగంలో, ఆరేళ్లు చేశాను, ఇప్పుడు నెల్లూరులో ఉన్నాను. మనవైపు సంగతి నేను చెప్తాను.

2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలి, రోగి గానీ, ఆయన అనుమతి ఇచ్చినవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మీది 2018. కాబట్టి కేస్ షీటు లేదంటే వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఫోన్లో "లేదు" అన్నమాట నమ్మొద్దు. ఫోన్ ఎత్తేవాళ్లు లేచి చూడరు. డిశ్చార్జి సమ్మరీ కంప్యూటర్లో ఉంటుంది, పేషెంట్ నంబరు కొడితే చాలాసార్లు వస్తుంది. స్కాన్ బొమ్మలు రేడియాలజీ సర్వర్లో వేరేగా ఉంటాయి. స్కానింగ్ సెంటరు బయటిది అయితే అసలు ఆస్పత్రిని అడిగి లాభం లేదు, ఆ సెంటరునే అడగాలి. నాయన గుర్తుతో ఒక ఆథరైజేషన్ ఉత్తరం, ఆయన ఐడీ కాపీ, తమ్ముడి ఐడీ కాపీ పెట్టి తమ్ముడిని నేరుగా పంపండి.

అసలైన ఫైలు మాత్రం మీ ఇంట్లోనే ఉంటుందక్కా. మన దగ్గర ఓపీ చీటీలు ఆస్పత్రి దాచదు, రోగే దాచుకోవాలి. బట్టల కొట్టు సంచిలో పెట్టి బీరువా మీద పెడతారు. చూడండి.

ఒక సంగతి అడగాలి. నాయన రిటైర్డ్ టీచరు కదా, 2018 అడ్మిషన్‌కు మెడికల్ రీయింబర్స్‌మెంటు పెట్టారా? పెట్టి ఉంటే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం అవసరమేనని డాక్టరు ఇచ్చేది), డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు అన్నీ జిరాక్సులు తీసి సెట్లు చేసి ఉంటారు. టీచర్లు ఒక సెట్టు తమ దగ్గర ఉంచుకోకుండా ఆఫీసుకు ఇవ్వరు. మా నాన్న కూడా టీచరే, నాకు తెలుసు.

ఫిల్ములు దొరికితే ఒకదానికొకటి అంటుకున్నవాటిని లాగకండి. మన ఎండలకు అతుక్కుపోతాయి. కవరులో సీడీ ఉంటే ముందు అది కాపీ చేయండి.

కావలి అమ్మాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

మూడు వారాలకు వచ్చాను. అందరికీ ఎలా దణ్ణం పెట్టాలో తెలియడం లేదు.

ముందు వేలిముద్ర సంగతి. సోషల్ వర్కర్, పక్కింటి గుజరాతీ ఆంటీ సాక్షులు. నాయన ముందు ఫారం పెట్టి, ఇది మీ రికార్డులు మీరే అడుగుతున్న కాగితం అని తెలుగులో అంతా చదివి చెప్పాను. పెన్ను చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు ప్రయత్నించారు. మేం ఎవరం తొందరపెట్టలేదు. "రా" అనే అక్షరం లాంటిది ఒకటి పడింది, ఆ తర్వాత గీత కాగితం దాటి పక్క మీదికి పోయింది. చాలా నాయనా అంటే పిడికిలి మూశారు. కాదు అని. తర్వాత ఆయనే బొటనవేలు చాపి, ఇంకు ప్యాడ్ వైపు చూపించారు. వేయించాను. ఆయన మొహంలో నేను భయపడినదేమీ లేదు. సగం సంతకం, దాని పక్కన వేలిముద్ర, రెండూ ఉన్న ఆ కాగితం ఫోటో తీసి ఉంచుకున్నాను.

ఆ కౌంటరుకే మళ్లీ వెళ్లాను. ఈసారి పేషెంట్ యాక్సెస్ ఫారం, అంటే అక్క చెప్పిన మొదటి రకం కావాలని, పేరు పెట్టి అడిగాను. హాస్పిస్ అని పైన ఎర్ర ఇంకుతో రాశాను. 9 రోజుల్లో వచ్చాయి. రేడియాలజీ సీడీ అదే రోజు చేతికి ఇచ్చారు. మూసేసిన క్లినిక్ నోట్సు కస్టోడియన్ దగ్గర నుంచి ఇంకా రాలేదు. అక్క చెప్పినట్టు ఫ్యామిలీ డాక్టరు దగ్గర నాలుగు ఉత్తరాలు దొరికాయి. కళ్లు కిందికి దిగడం లేదని మొదటిసారి రాసింది వాటిలో ఒకదానిలోనే ఉంది.

నెల్లూరు చెల్లీ, నువ్వు చెప్పినట్టే జరిగింది. తమ్ముడు కావలి వెళ్లి ఇల్లు తీశాడు. బీరువా మీద కాదు, అమ్మ పెళ్లినాటి ట్రంకుపెట్టెలో ఉంది. నెల్లూరు బట్టల కొట్టు సంచి. రీయింబర్స్‌మెంటు సెట్టు మొత్తం, ట్యాగు కట్టి, ప్రతి కాగితానికీ మూలన నంబరు వేసి. 2018 డిశ్చార్జి సమ్మరీ 7వ నంబరు కాగితం. సీడీ కూడా ఉంది, పనిచేస్తోంది. ఇక్కడి డాక్టరు ఆ బొమ్మలు చూసి, అప్పటికే మెదడు కాండం పైభాగం సన్నబడటం మొదలైందన్నారు. పక్కనుంచి చూస్తే పిట్ట ఆకారం వస్తుందట, హమ్మింగ్ బర్డ్ గుర్తు అంటారట. 2018లో ఎవరూ దాన్ని రాయలేదు.

సంచిలో ఇంకొకటి ఉంది. పాత అటెండెన్సు రిజిస్టరు. ఖాళీగా మిగిలిన పేజీల్లో నాయన తను పడిన ప్రతిసారీ రాసుకున్నారు. తేదీ, సమయం, చోటు, ఎటు పడ్డారు, దెబ్బ తగిలిందా. అమ్మకు కూడా చెప్పలేదు. మొదటిది 2017 నవంబరులో. మేమంతా 2018 అనుకుంటున్నాం. మొత్తం 41. మొదటి పేజీలో బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు, చివరి పేజీలో చీమల్లా ఉన్నాయి, భూతద్దం పెట్టి చదివాను. బ్యాంకు కోఆర్డినేటరుకు చెప్తే అన్ని పేజీలు స్కాను చేసి, ఇంగ్లీషు అనువాదంతో పంపమంది. అక్షరాల సైజు తెలియడానికి పక్కన స్కేలు పెట్టి స్కాను చేయమంది.

బాబాయికి డాలస్ అన్న చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒప్పుకున్నారని చెప్పలేను. కానీ నిన్న ఫోన్ చేసి, అన్నయ్య కండువా ఏ రంగుది తీసి పెట్టావు అని అడిగారు.

రోజూ రాత్రి నాయన పక్కన కూర్చుని రిజిస్టరు అనువాదం చేస్తున్నాను. ఒక్కో పతనం చదువుతాను, సరేనా నాయనా అంటాను, బొటనవేలు ఎత్తుతారు. నిన్న 23వది. "2019 మార్చి 3, ఉదయం, మెట్ల మీద" అని చదివాను. పిడికిలి మూశారు. తేదీ తప్పా అన్నాను, పిడికిలి. చోటు తప్పా అన్నాను, బొటనవేలు. భూతద్దం పెట్టి మళ్లీ చూశాను. మెట్లు కాదు, "చెట్ల". పెరట్లో అమ్మ వేసిన మల్లె చెట్ల దగ్గర. దిద్దాను. ఇంకా 18 ఉన్నాయి.